రెండున్నర లక్షల్లో సెకండ్ హ్యాండ్ కారంటే ముందు సీటు బెల్టు లాగి చూడండి

భీమవరంలో తిరగడానికి, నెలకోసారి రాజమండ్రి వెళ్ళి రావడానికి రెండున్నర లక్షల్లో ఏ పాత కారు కొనమంటారని అడిగారు కదండీ. నాది పాలకొల్లు, మూడేళ్ళ కిందట ఇదే బడ్జెట్‌లో వెతికాను. మన వైపు ఏ మోడలన్నది తర్వాత, ముందు ఆ బండి ఎక్కడెక్కడ తిరిగిందో చూడాలండి.

నాకు మొదట ఒక ఆల్టో 800 చూపించారు. పాలిష్ కొట్టి మెరిసిపోతోంది, మీటర్ మీద 38 వేలే, బ్రోకరేమో డాక్టరు గారి బండండి అన్నాడు (ఆ డాక్టరు గారెవరో గానీ అమ్మకానికున్న బండ్లన్నీ ఆయనవే). అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకుంటుంటే మా మెకానిక్ బాబాయ్ బోనెట్ జోలికి పోకుండా తిన్నగా సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు, ఆఖరి మూరెడు మీద ఎండిపోయిన బురద చార. డిక్కీలో స్టెపినీ తీస్తే దాని కింద గుంటలో ఒండ్రు. "ఇది గోదాట్లో మునిగొచ్చిందిరా" అన్నాడు. 2022 జులై వరదకి లంకల్లో మునిగిన బండ్లు కడిగి అమ్మేసినవి ఉంటాయి, వైరింగులోకి నీళ్ళెళితే ఇవాళ ఏసీ, రేపు సెన్సారు, జేబుకి చిల్లే.

రొయ్యల చెరువుల మీద తిరిగిన బండి ఇంకో రకం, ఐస్ ట్రేల ఉప్పునీళ్ళు కారి ఫ్లోరు తుప్పు, గట్ల మీద తిరిగి సస్పెన్షన్ లొడలొడ. మ్యాట్ ఎత్తి చూడండి, వాసనే చెప్పేస్తుంది.

చివరికి 2014 వ్యాగనార్ తీసుకున్నా, 2.35 లక్షలు, సర్వీస్ బిల్లులన్నీ ఉన్నాయి. పొద్దున్నే వెళ్ళి బోనెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందనుకున్నాకే స్టార్ట్ చేయించా, వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, పొగా, చప్పుడూ అప్పుడు తెలీవు. మీకు ఐ10 దొరికినా బాగానే ఉంటుంది, విడిభాగాలకి ఇబ్బంది లేదు.

హైదరాబాద్ బండి చవకని ఎగబడకండి, అక్కడి ఆర్టీవో దగ్గర ఎన్వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్వోసీ, ఫారం 35 (లోను తీరిందని ఆర్సీలోంచి ఫైనాన్స్ తీయించేది) చేతికొచ్చాకే మిగతా డబ్బులివ్వండి. బండి మీ పేరు మీదకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదురుగానే పెట్టించుకోండి. ఆర్సీ మొదట 15 ఏళ్ళకే ఇస్తారు కాబట్టి మరీ పాతది వద్దు.

నా బండికి ఇప్పటిదాకా బ్యాటరీ, ముందు టైర్లు, అంతే. ఆ ఆల్టో ఎవరు కొన్నారో గానీ మొన్న బస్టాండ్ దగ్గర కనపడింది, మిట్టమధ్యాన్నం ఎండలో అద్దాలు దించుకుని పోతున్నారు పాపం.