స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌కు డబ్బు కట్టకముందు జన్యు పరీక్ష చేయించండి

మీ తమ్ముడికి రెటినైటిస్ పిగ్మెంటోసా (కంటి వెనక కాంతిని పట్టే పొర రెటీనా క్రమంగా దెబ్బతిని చూపు తగ్గే జన్యు జబ్బు) ఉందని, డబ్బు కడితే ‘ట్రయల్’ కింద ఒకేరోజు రెండు కళ్లకూ స్టెమ్ సెల్ ఇంజెక్షన్ ఇస్తామంటున్నారని రాశారు. దయచేసి కట్టకండి.

అసలైన ట్రయల్‌లో ప్రయోగదశ చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోవడం చాలా అరుదు. రెండు కళ్లకూ ఒకేసారి చేస్తామనడం నన్ను ఇంకా భయపెడుతోంది. తేడా వస్తే రెండో కన్నయినా మిగలాలని మామూలుగా ముందు ఒక కంటికే, అదీ చూపు ఎక్కువ తగ్గిన కంటికే ఇస్తారు. ఫ్లోరిడాలో మాక్యులర్ డీజనరేషన్ (రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు) ఉన్న ముగ్గురు మహిళలకు తమ కొవ్వు నుంచి తీసిన కణాలనే రెండు కళ్లలోకీ ఎక్కిస్తే చూపు ఘోరంగా దెబ్బతింది. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ వివరాలు వచ్చాయి. వాళ్లు ఆ చికిత్సకు డబ్బు కట్టారు కూడా.

ముందు జన్యు పరీక్ష చేయించండి. ఈ జబ్బుకు కారణమయ్యే జన్యువులు పదుల సంఖ్యలో ఉన్నాయి. 2017 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన లక్స్‌టర్నా అనే జన్యు చికిత్స ఆర్‌పీఈ65 అనే జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉన్నవాళ్లకే, అదీ రెటీనాలో బతికున్న కణాలు తగినన్ని ఉంటేనే. కాంతిని పట్టే కణాలు దాదాపు పోయినవాళ్ల కోసం ఆప్టోజెనెటిక్స్‌పై (మిగిలిన రెటీనా కణాలకు జన్యువు ద్వారా కాంతిని పట్టే శక్తినివ్వడంపై) పరిశోధన నడుస్తోంది, దానికి ఏ జన్యువన్నది అడ్డు కాదు.

ఇంజెక్షన్ ఇస్తామన్నవాళ్లను ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, రిపోర్టులతో సహా మీ రెటీనా డాక్టరుకు చూపించండి. అయితే నంబరు ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. ఇంకొకటి, ఇలాంటి ఇంజెక్షన్ ఒకసారి తీసుకుంటే రేపు మంచి ట్రయల్ వచ్చినా మీ తమ్ముణ్ని చేర్చుకోకపోవచ్చు.