చిన్న రైతు పరిశోధనలో భాగమైతే కొత్త పద్ధతి చేనులో నిలుస్తుందా?

ఆముదం, కంది చేలలో వాన నీటిని నిలిపేందుకు విత్తకుండా వదిలే గొడ్డు సాళ్ల వంటి మేలైన పద్ధతులను పాలమూరు చెల్కల్లోని చిన్న రైతులు ఒక ఏడు చేసి ఎందుకు మానేస్తారని, వారిని పరిశోధనలో చేర్చుకుంటే ఆ మార్పు నిలుస్తుందా అని అడిగారు. నిలుస్తుంది, కానీ దేనిని పరీక్షించాలో నిర్ణయించే దశలోనే రైతు ఉండాలి. ప్రయోగ మడిలో ప్రధానంగా దిగుబడిని కొలుస్తారు. రెండెకరాల రైతు మాత్రం అరక కిరాయిని, కలుపు కూలిని, పశువులకు మిగిలే మేతను, వానలు వెనుకపట్టిన ఏడు చేతికి ఎంత దక్కుతుందన్నదాన్ని కూడా లెక్క వేసుకుంటాడు. ఆ లెక్కలు ప్రయోగంలోకి రాకపోతే సిఫారసు రాయితీ ఉన్నన్నాళ్లే నడుస్తుంది.

1990ల చివరలో ఆఫ్రికాలోని మలావీలో రూపుదిద్దుకున్న ‘తల్లి-పిల్ల’ ప్రయోగాల విధానం మన మెట్ట సేద్యానికి బాగా తగినదని నా అభిప్రాయం: ఊళ్లోని ఒక తల్లి మడిలో శాస్త్రవేత్తలు అన్ని పద్ధతులనూ పరీక్షిస్తే, రైతులు వాటిలో రెండు మూడింటిని సొంత చేనులో, తమ పాత పద్ధతి పక్కనే వేసి పోల్చి చూస్తారు; ఇవే పిల్ల మడులు. పాలమూరు ప్రాంతంలోని పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం చుట్టుపక్కల ఊళ్లలో ఇది చేయదగ్గదే. కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే కనుక వారి తీర్పును విడిగా రాసుకోవాలి. ఇక్కడ వాన ఏటా ఒక్క తీరుగా పడదు కాబట్టి కనీసం మూడు వానకాలాలైనా చూడనిదే ఏ పద్ధతినీ ఖాయం చేయకూడదు.