పితూరీ అంటే తిట్టా?

సందేహం: అయ్యా, నమస్కారం. జులై 4న అల్లూరి సీతారామరాజు జయంతికి మా ఊళ్ళో ఫ్లెక్సీ కట్టించాం. దాని మీద ‘మన్యం పితూరీ వీరుడు’ అని రాయించినందుకు పెద్ద గొడవైంది. ‘పితూరీ తెల్లవాడు పెట్టిన తిట్టు, స్వాతంత్ర్య సమరం అనాలి’ అని ఒక పార్టీవాళ్ళు. ‘కాదు, విప్లవం’ అని రెండో పార్టీవాళ్ళు. ‘ఇది సర్కారు పన్నుల మీద స్వేచ్ఛావాదుల తిరుగుబాటు’ అని ఎకనామిక్స్ చదివిన మా కుర్రాడు. ఏది సరైన మాటో చెప్పగలరు. – ఒక పాఠకుడు, భీమవరం మండలం

సమాధానం: ముందుగా, పితూరీని తెల్లవాడి ఖాతాలో వెయ్యకండి. జమీందారు, తహసీలు, ఫిర్యాదు ఏ దారిన వచ్చాయో ఇదీ ఆ దారినే, నవాబుల కచేరీ భాషలోంచి మనకు వచ్చింది. కంపెనీ దొరలు దాన్ని అక్కడే విని ‘ఫితూరీ’ అని తమ కాగితాల్లోకి ఎక్కించుకున్నారు.

దీని మూలం అరబ్బీ ‘ఫుతూర్’. అక్కడ దాని అర్థం నీరసం, సడలిపోవడం. హిందుస్తానీలోకి వచ్చి ‘ఫితూర్’ అయ్యేసరికి లోపం, చెడుపు, ఆ మీదట కలహం, అల్లరి అనే అర్థాలు చేరాయి. ఇప్పటి హిందీవాళ్ళు ఇదే మాటను తలకెక్కిన పిచ్చికి వాడుతున్నారు. చివర దీర్ఘం చేరిన ‘ఫితూరీ’ అక్కడ మనిషిని చెప్పే మాట, అల్లరి లేవదీసేవాడు అని. తెలుగువాడు ఫకారాన్ని పకారం చేసుకుని, మనిషిని వదిలి పనికి ఆ పేరు పెట్టాడు. మనిషి కోసం ‘పితూరీదారు’ అని మరొకటి కట్టుకున్నాడు. ఒకప్పుడు 1857 కూడా మన పుస్తకాల్లో ‘సిపాయిల పితూరీ’యే.

ఇక మన గోదావరి జిల్లాల ఇళ్ళల్లోకి రండి. ‘వచ్చిన దగ్గర్నుంచీ వాళ్ళ నాన్నకి నా మీద పితూరీలు చెబుతోంది’ అంటాం. ఇక్కడ తుపాకీ లేదు, కొండ లేదు, ఉన్నవి చాడీలు. ఒకే మాటకు ఈ రెండు బతుకులూ ఎలా వచ్చాయి? కలహం లేవదీయడం అనే అర్థం ఊళ్ళో ఒక రకంగా, ఇంట్లో ఒక రకంగా స్థిరపడి ఉంటుందని నా ఊహ. తేడా వ్యాకరణమే పట్టిస్తుంది. ఏకవచనంలో ‘లేచింది’, ‘లేవదీశారు’, ‘అణిచారు’ అనే క్రియలు చేరితే తిరుగుబాటు. బహువచనంలో ‘చెప్పడం’, ‘మొయ్యడం’ చేరితే చాడీలు. ‘రంప పితూరీలు చెప్పారు’ అని ఎవరూ అనరు.

ఈ రెండర్థాలూ పక్కపక్కనే నిలబడే చోటు ఒకటుంది. 1879 మార్చిలో గోదావరి ఏజెన్సీ కొండల్లోని రంపలో లేచిన పితూరీకి కారణాలు చూడండి. అక్కడి మన్సబుదారు, అంటే సర్కారు కింద ఆ సీమను ఏలే దొర, కల్లు మీద చిగురుపన్ను వసూలు చేసేవాడు, దాని మీద మొదలుపన్ను అని మరో వడ్డింపు. కొత్త ఆబ్కారీ నిబంధనలతో ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా నేరమైంది. వీటికి తోడు, మైదానం నుంచి, అంటే మన వైపు నుంచే, వెళ్ళిన వర్తకులు కొండవాళ్ళకి అప్పులిచ్చి, వాళ్ళు కోర్టుకు రాలేరని తెలిసి, ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకుని పశువుల్ని జప్తు చేయించారు. కోర్టుకు ఫిర్యాదు ఒకవైపు నుంచే చేరింది. రెండోవైపు నుంచి చేరింది పితూరీ. ఇది నిఘంటువులో దొరికే వ్యుత్పత్తి కాదు, కానీ ఆ మాటను తుడిచేస్తే ఈ సంగతీ దానితోపాటు పోతుందన్నది నా బాధ.

విప్లవం సంగతి. డెల్టావాళ్ళకి దీన్ని విడమరచనక్కర్లేదు. జలప్లావనంలో ఉన్న ధాతువే ఇందులోనూ ఉంది, తేలడం, ముంచెత్తడం. 1986 ఆగస్టు గోదావరి వరదలో లంకలు మునిగినప్పటి పరిస్థితిని పాత సంస్కృతంలో విప్లవం అనే అనవచ్చు. ఉపద్రవం, చేటు అని దాని పాత అర్థం. మెచ్చుకోలు ఆధునిక కాలంలో వచ్చి చేరింది. పితూరీలో తిట్టు వెతికేవారు విప్లవాన్ని వదిలేయడం న్యాయం కాదు. తిరుగుబాటు అచ్చ తెలుగు, కట్టుబాటుకు తోబుట్టువు, ఎక్కడైనా వాడుకోవచ్చు.

మీ కుర్రాడి మాటలో సగం నిజం ఉంది. ఇంటి కల్లు మీద ఆంక్ష, 1882 అడవి చట్టం కింద పోడు మీద ఆంక్ష, విశాఖ మన్యంలోని గూడెం సీమ రోడ్డు పనుల్లో చాలీచాలని కూలి, ఇవన్నీ సర్కారు బలవంతాలే. కానీ స్వేచ్ఛావాదం అనేది ఒక సిద్ధాంతం పేరు. మనిషి ఒంటి మీద, కష్టం మీద, ఆస్తి మీద అతనిదే హక్కు, సర్కారు దొంగతనాన్నీ దౌర్జన్యాన్నీ ఆపి ఊరుకోవాలి అని దాని వాదం. కొండల్లో ముఠాదార్లు, అంటే కొన్నేసి ఊళ్ళ మీద పెత్తనం ఉన్న పెద్దలు, తాతల నాటి హోదా అడిగారు, శిస్తు తామూ వసూలు చేసేవారే. పన్నును ఎదిరించిన ప్రతివాడికీ ఆ పేరు తగిలించకూడదు.

అసలు నా కోపం నామవాచకం మీద కాదు, ఈనాటి రాతల్లో కర్త లేని క్రియల మీద. ‘కాల్పులు జరిగాయి’, ‘హతమయ్యారు’, ‘మృత్యువాత పడ్డారు’. వాన పడినట్టు కాల్పులు వాటంతటవే జరుగుతాయా? సమరం అనేవారూ హింస అనేవారూ ఈ క్రియల వెనకే దాక్కుంటున్నారు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర కవర్డ్, హైటర్ అనే అధికారులు ‘మరణించారు’ అని రాయకండి, రాజు దళం చంపింది అని రాయండి. 1924 మే 7న కొయ్యూరులో రాజు ‘అమరుడయ్యాడు’ అని మాత్రమే రాసి ఆపకండి. పట్టుబడ్డాక సర్కారు బలగాలు కాల్చి చంపాయి, తప్పించుకోబోయాడని సర్కారు చెప్పుకుంది అని రాయండి. కర్తను చెప్పాక పేరు ఏదైనా చదివేవాడు మోసపోడు.

మీ ఫ్లెక్సీకి ‘మన్యం పితూరీ’ తప్పు కాదు. వినేవారిలో నొచ్చుకునేవారు ఎక్కువైతే ‘మన్యం తిరుగుబాటు’ అనండి, నాకు అభ్యంతరం లేదు. బడిపిల్లల పుస్తకంలో మాత్రం పాత పేరు ఒక్కసారైనా ఉండనివ్వండి, రేపు వాళ్ళు పాత కాగితాలు చదువుకోవాలి. ‘రంప పితూరీ’ అని రాస్తే పక్కన సంవత్సరం తప్పనిసరి. 1879 నాటిదీ ఆ పేరుతోనే ఉంది, 1922–24 నాటిదీ ఆ పేరుతోనే ఉంది. రెండోది మొదలైంది గూడెం సీమలో, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో. రంపకు దీర్ఘం పెట్టి ‘రంపా’ అని రాస్తున్నారు, అది ఇంగ్లీషు అక్షరాల నుంచి తిరిగి వచ్చిన తప్పు. రంప అనే రాయండి.