నానబెట్టండి, మూత పెట్టండి

"ఇంట్లో, ముఖ్యంగా వంటింట్లో, డబ్బూ శ్రమా మిగిలేలా తేలికైన చిట్కాలు చెప్పండి" అని అడిగారు. చిట్కాలంటే ఎవరైనా ఏకబిగిన ముప్ఫై చెప్పేస్తారు. నా దగ్గర రెండే ఉన్నాయి: నానబెట్టడం, మూత పెట్టడం. మిగతావాటిలో సగం వీటికి చుట్టాలు, సగం ఉత్త హడావుడి. ఇంత ధీమాగా ఎందుకు చెప్తున్నానంటే, ఒక గిన్నె నాకు పాఠం చెప్పింది కాబట్టి.

ఒకరోజు శనగలు వండాలనుకుని, ముందు రాత్రి నానబెట్టడం మర్చిపోయాను. సాయంత్రం ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఏముందిలే, మంట పెద్దది పెడితే అవే ఉడుకుతాయని స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, శనగలు వేసి, మూత కూడా పెట్టకుండా స్టవ్ పూర్తిగా తిప్పాను. గంట తర్వాత ఒకటి నోట్లో వేసుకుంటే పంటికింద టక్కుమంది. నీళ్లు ఇగిరిపోతున్నాయని మళ్లీ పోశాను. ఈలోగా స్నేహితుడు ఫోన్ చేశాడు. వాడి ఆఫీసు కష్టాలు మొదలైతే మధ్యలో ఆపడానికి నాకు మొహమాటం. ఫోన్ పెట్టేసేసరికి వంటగది నిండా పొగ. గిన్నె అడుగున నల్లటి అట్ట కట్టింది. పైన ఉన్న శనగలు మాత్రం అప్పటికీ గట్టిగానే ఉన్నాయి. అదీ నా అదృష్టం.

ఇక గిన్నె తోమే ఘట్టం. వంట సోడా చల్లి, దానిమీద వెనిగర్ పోస్తే క్షణంలో తళతళలాడుతుందని ఒక వీడియోలో చూశాను. పోశాను. బుస్సుమని పొంగింది. ఆ పొంగు చూస్తే లోపల ఏదో పెద్ద పని జరిగిపోతున్నట్టే ఉంటుంది. పొంగు చల్లారాక చూస్తే నలుపు ఎక్కడిదక్కడే. ఇంకాస్త సోడా, ఇంకాస్త వెనిగర్. సీసా ఖాళీ అయింది గానీ గిన్నెలో మార్పు లేదు. అప్పుడు స్టీలు పీచు తీసుకుని దిగాను. అరగంట గీకితే అట్ట మీద నాలుగు గీతలు పడ్డాయి, అట్ట లేనిచోట నలభై పడ్డాయి. బొటనవేలి గోరు విరిగింది.

ఆ చప్పుడుకి మా అమ్మ లేచొచ్చింది. "ఏంట్రా ఈ వేళప్పుడు ఆ గీకుడు?" అని గిన్నెలోకి చూసింది. చీవాట్లు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. ఆ నీళ్లన్నీ పారబోసి, మాడు మునిగేదాకా మంచినీళ్లు పోసి, రెండు చెంచాల వంట సోడా వేసి, పది నిమిషాలు మరగనిచ్చి స్టవ్ కట్టేసింది. మూత పెట్టి, "రాత్రికి అదే తోముకుంటుందిలే, నువ్వు పోయి పడుకో" అంది.

పొద్దున చెక్క గరిటె అంచుతో ఒక పక్కన నెట్టాను. ఎండిన చెరువు అడుగున మట్టి పెచ్చు లేచినట్టు, అరచేయంత ముక్క మొత్తంగా ఊడొచ్చింది. మిగిలింది మామూలు సబ్బుతో పోయింది. నా పీచు గీతలు మాత్రం పోలేదు, ఇప్పటికీ ఉన్నాయి.

తర్వాత అర్థమైందేంటంటే, సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిపితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. గ్యాస్ బుడగలుగా పోతుంది, మిగిలేది కాస్త ఉప్పులాంటి పదార్థం కలిసిన నీళ్లు. దాంతో తోమడమంటే ఉత్త నీళ్లతో తోమినట్టే. విడివిడిగా రెండూ మంచివే. మాడుకీ జిడ్డుకీ సోడా. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునే సున్నపు పొరకి వెనిగర్, అదీ కాసేపు నానబెడితే చాలు. అల్యూమినియం గిన్నెకి మాత్రం సోడా వద్దు, నల్లబడుతుంది. ఇంకొకటి, ఇది ఆదా గురించి కాదు, ప్రాణం గురించి: బ్లీచ్‌లో వెనిగర్ గానీ వేరే ఏ యాసిడ్ గానీ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. "అన్నీ కలిపితే ఇంకా బాగా పనిచేస్తుంది" అనే ఆలోచన మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాదు.

శనగల సంగతికొస్తాను. రాత్రి నానబెడితే పొద్దున ఉడికే టైమ్ బాగా తగ్గుతుంది, గ్యాస్ మిగులుతుంది. ఇందులో మీ శ్రమ పడుకునే ముందు ఒక్క నిమిషం. ఆ నీళ్లలో లీటరుకి ఒకటి రెండు చెంచాల ఉప్పు వేయండి. ఉప్పు వేస్తే గింజ ఉడకదని చాలామంది గట్టిగా నమ్ముతారు, నాతో వాదించినవాళ్లూ ఉన్నారు. నిజానికి ఉప్పులోని సోడియం తొక్కని మెత్తబరుస్తుంది. ఉడకనివ్వనిది పులుపు. టమాటా లాంటివి గింజ మెత్తబడ్డాకే వేయాలి. నాలా మర్చిపోతే, శనగల్ని రెండు నిమిషాలు మరిగించి, స్టవ్ కట్టేసి, మూత పెట్టి గంట వదిలేయండి. రాత్రంతా నానినంత కాకపోయినా దానికి దగ్గరగా వస్తుంది. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో నానబెట్టండి, లేకపోతే పులుస్తాయి.

ఇప్పుడు మంట. ఆ రోజు నేను చేసిన అసలు తప్పు అక్కడే ఉంది. నీళ్లు ఒకసారి మరగడం మొదలయ్యాక మీరు మంట ఎంత పెంచినా అవి 100 డిగ్రీలు దాటవు. ఎత్తైన కొండల మీదైతే ఇంకాస్త తక్కువలోనే మరుగుతాయి. పెంచిన మంటంతా నీళ్లని ఆవిరి చేయడానికే పోతుంది, శనగ ఒక్క క్షణం కూడా ముందు ఉడకదు. పైగా నీళ్లని సున్నా నుంచి 100 డిగ్రీలకు తేవడానికి ఎంత వేడి కావాలో, అవే నీళ్లని ఆవిరిగా మార్చడానికి దానికి ఐదు రెట్లకు పైగా కావాలి. మూత లేని గిన్నె మీద లేచే ఆవిరంతా మన గ్యాస్ డబ్బే. మరిగాక సిమ్‌లో పెట్టి మూత వేస్తే వంట అదే టైమ్‌కి అవుతుంది. రాజ్మాకి మాత్రం ఒక మినహాయింపు ఉంది. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు గట్టిగా మరగనివ్వాలి. పచ్చి గింజలో కడుపుని పాడుచేసే విషం ఉంటుంది, ఊరికే వెచ్చబెడితే అది పోదు.

ప్రెజర్ కుక్కరంటే కదలకుండా బిగించిన మూతే. ఆవిరిని బయటికి పోనివ్వదు కాబట్టి లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. 1679లోనే డెనీ పాపిన్ అనే ఫ్రెంచ్ ఆయన ఇలాంటిది చేసి చూపించాడు. మూడు వందల ఏళ్లు దాటినా మనం దాన్ని పెద్ద మంట మీద పెట్టి విజిల్స్ లెక్కపెడుతూనే ఉన్నాం. విజిలంటే ఎక్కువైన ఆవిరి బయటికి పోవడం. మొదటిది రాగానే మంట తగ్గించి గడియారం చూసుకోండి. మా ఇంట్లో దీనిమీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. "ఐదు విజిల్స్ రావాలి" అనే వర్గం బలంగా ఉంది.

ఉప్పెక్కువైన పులుసులో బంగాళాదుంప వేస్తే ఉప్పు పీల్చేస్తుందన్న చిట్కా కూడా వదిలేయండి. దుంప ఉప్పు నీళ్లని పీలుస్తుంది, ఉప్పుని ఏరుకుని పీల్చదు. నీళ్లు పోసి పలచన చేయడమే దారి. వెల్లుల్లి ఒలిచే యంత్రాలూ, కూర ముక్కలు కోసే డబ్బాల గురించి అడగకండి. నేను కొన్నవాటిని కడగడానికి పట్టే టైమ్‌లో పదునైన కత్తితో రెండు కూరలు తరగొచ్చు.

నానబెట్టడంలో చెయ్యకూడనివీ ఉన్నాయి. ఇనప పెనం నీళ్లలో వదిలితే తుప్పు పడుతుంది, చెక్క పలక పగులుతుంది. తిన్న కంచం ఎండిపోయేలా వదిలేసి, తర్వాత గీకి గీకి తోముకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: లేచేటప్పుడు దానిమీద గ్లాసుడు నీళ్లు పోయండి.

అయితే ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఈ సిద్ధాంతం నాకు బాగా వంటబట్టాక, తోమడం నా వంతు వచ్చినప్పుడల్లా "నానుతున్నాయి" అని చెప్పి తప్పించుకోవడం అలవాటైంది. మొన్న మా ఆవిడ సింక్ దగ్గర నిలబడి, "ఈ గ్లాసు నిన్న పొద్దుట్నుంచి నానుతోంది. ఇందులో తాగింది మంచినీళ్లేనండీ" అంది.