ధాన్యం గదిలో ఎలుకలు: పెద్దమ్మ ఉత్తరం

చి.ల.సౌ. అమ్మడికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

మూడు బస్తాలు కొరికేశాయని నువ్వు ఫోనులో చెబుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఏడాదంతా కష్టపడి ఇంటికి తెచ్చుకున్న గింజ! రేపే మందు పెట్టిస్తానన్నావు. తొందరపడకు, ముందు ఇది చదువు.

వచ్చింది ఏదో మొదట తెలుసుకో. నేలలో పెద్ద కన్నం, దాని ముందు తోడిపోసిన మట్టికుప్ప ఉంటే పందికొక్కు. అటక మీద, దూలాల మీద రాత్రిళ్లు పరుగులు వినిపిస్తే ఇంటి ఎలుక. బియ్యపు గింజంత పెంటికలు కనిపిస్తే చిట్టెలుక. పడుకునే ముందు గోడ వారగా ముగ్గుపిండి పల్చగా చల్లు. తెల్లవారి చూస్తే చిన్న చిన్న అడుగులు, వాటి నడుమ తోక ఈడ్చిన గీత కనిపిస్తాయి. ఆ గీత ఎక్కడ మాయమైందో అదే వాటి దారి. ఎలుకకు గది నడుమ తిరగడం భయం. గోడను అంటిపెట్టుకుని రోజూ ఒకే బాటన పోతుంది.

ఆ దారి మూయడమే అసలు పని. బొటనవేలు పట్టే సందు ఎలుకకు చాలు, పెన్సిల్ పట్టే సందు చిట్టెలుకకు చాలు. మట్టితో పూడిస్తే ఒక్క రాత్రిలో తోడేస్తాయి. సిమెంటులో గాజు పెంకులు కలిపి గట్టిగా నింపించు. తలుపు అడుగున రేకు కొట్టించు, తూముకు ఇనుప జల్లెడ బిగించు.

బస్తాలు గోడకు ఆనించి, నేల మీదే పేర్చి ఉంటావు. చెక్క బల్లలు వేసి వాటి మీదికి ఎత్తించు. గోడకూ బస్తాలకూ మధ్య నువ్వు చీపురు పట్టుకుని తిరిగేంత చోటు వదులు. చీకటి సందు దొరికితే అక్కడే గూడు పెడతాయి. చూలు మోసేది మూడు వారాలే, ఒక్కో ఈతకు అరడజను పిల్లలు. అవి తినే గింజ కన్నా మూత్రంతో, పెంటికలతో పాడుచేసేదే ఎక్కువ. ఆ మూత్రం వల్లే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. అందుకే గదిని పొడిగా ఊడ్వవద్దు. చేతులకు తొడుగులు వేసుకుని, బ్లీచింగ్ నీళ్లు చల్లి తుడువు. వంటకు తీసిన బియ్యం, పప్పు మూత గట్టిగా ఉన్న రేకు డబ్బాల్లో పోసుకో. ప్లాస్టిక్ డబ్బాను కొరికేస్తాయి.

దారులు మూశాక లోపల మిగిలిన వాటికి బోనులు పెట్టు. కొత్త వస్తువంటే ఎలుకకు అనుమానం. రెండు మూడు రాత్రులు బోను తలుపు పడకుండా తీగతో కట్టేసి, కాల్చిన ఎండుచేప ముక్క పెట్టి వదిలెయ్యి. తినడం అలవాటయ్యాక తీగ విప్పు. ఒక్క బోను ఏ మూలకూ చాలదు. నాలుగైదు తెచ్చి, ముగ్గులో అడుగులు కనబడిన చోటల్లా గోడ వారగా పెట్టు.

ఇక మందు సంగతి. నీ వయసులో నేను కూడా జింక్ ఫాస్ఫైడ్ నూకల్లో కలిపి ధాన్యం గదిలోనే పెట్టాను. మొదటి రాత్రి రెండు చచ్చాయి. కొంచెం రుచి చూసి బతికినవి మళ్లీ ఆ నూకల జోలికి రాలేదు. ఒకటి అటకలో చచ్చి, వారం రోజులు ఇల్లంతా కంపు కొట్టింది. ఆ నూకలు తిని మా పిల్లి పెరట్లో నురగలు కక్కుతూ పోయింది. ఆ రోజు మీ అన్నయ్య అక్కడే పాకుతున్నాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదమ్మా, ఇంట్లోకి రానివ్వవద్దు. తప్పనిసరైతే బ్రోమాడియోలోన్ బిళ్లలు గదికి బయట, పిల్లల చెయ్యి దూరని పెట్టెలో పెట్టించు. అది కొన్ని రోజులకు గాని పనిచేయదు కాబట్టి మిగతా ఎలుకలకు అనుమానం రాదు. పొరపాటున ఎవరైనా తింటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దానికి విటమిన్ కె ఇస్తారు. చచ్చిన ఎలుకను చేత్తో ముట్టుకోకుండా లోతుగా పాతిపెట్టించు.

కొరికిన మూడు బస్తాలను ఈ ఆదివారమే ఎండలో పోసి, చెరిగి, వేరుగా ఉంచు. విత్తనాల బస్తా ఏదో చూసి అన్నిటికన్నా ముందు దాన్ని బల్ల ఎక్కించు. తూము వెడల్పు కొలిచి చెప్పు, జల్లెడ నేను ఇక్కడ చేయించి పంపుతాను.

మీ పెద్దమ్మ