అమెరికాలో జడ్జీల నియామకాన్ని ఫిలిబస్టర్‌తో ఇప్పుడు ఎందుకు ఆపలేరు?

ఫిలిబస్టర్ అంటే చర్చను తెగనివ్వకుండా సాగదీసి, విషయాన్ని ఓటింగ్ దాకా రానివ్వకపోవడం. అధ్యక్షుడు ప్రతిపాదించిన జడ్జీలను ఆమోదించాల్సింది అక్కడి పార్లమెంటు ఎగువసభ అయిన సెనేట్. అందులో 100 మంది ఉంటారు. చర్చకు తెర దించాలంటే 60 ఓట్లు కావాలి. కాబట్టి 41 మంది పట్టుబడితే చాలు, పని ఆగిపోయేది.

బుష్ హయాంలో డెమొక్రాట్లు కొందరు జడ్జీలను ఇలాగే అడ్డుకున్నారు. ఒబామా వచ్చాక రిపబ్లికన్లు వడ్డీతో సహా తీర్చుకున్నారు. విసిగిపోయిన డెమొక్రాట్ నేత హ్యారీ రీడ్ 2013లో, సుప్రీంకోర్టు మినహా మిగతా జడ్జీలకు మామూలు మెజారిటీ చాలనేలా పద్ధతి మార్పించారు. ఆ మినహాయింపు ఎన్నాళ్లు నిలిచింది? 2017లో రిపబ్లికన్ నేత మెక్కానెల్ దాన్నీ ఎత్తేయించారు. గోర్సచ్ 54-45 ఓట్లతో సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. మరుసటి ఏడాది కవనా 50-48తో బొటాబొటిగా గట్టెక్కారు. పాత పద్ధతిలో అయితే ఇద్దరూ ఆగిపోయేవారే!

బడ్జెట్‌కు సంబంధించిన కొన్నింటిని వదిలేస్తే, మామూలు బిల్లులకు మాత్రం ఆ 60 గండం ఇంకా ఉంది.