నీళ్లంటే బెదిరే గుర్రాన్ని వాగు దాటించడం ఎలా?

మీ గుర్రం పొలాల్లో, రోడ్డు మీద చక్కగా నడుస్తుందని, వాగు గట్టుకు రాగానే ఆగిపోతుందని, కొట్టి తోలితే ముందుకాళ్లు ఎత్తి లేస్తోందని రాశారు. ముందు ఆ కర్ర పక్కన పడేయండి. నీళ్ల దగ్గర దెబ్బలు తిన్న గుర్రానికి భయంతో పాటు ఆ నొప్పి కూడా గుర్తుండిపోతుంది. ఇలాగే సాగితే వాగు కనిపించక ముందే మొరాయించడం మొదలుపెడుతుంది.

మాది పాడేరు ఏజెన్సీ. ఇక్కడ కొండల మీది కొన్ని ఊళ్లకు ఇప్పటికీ సరుకు గుర్రాల మీదే వెళ్తుంది. మిరియాలు, కాఫీ గింజలు సంతకు దించాలన్నా, బియ్యం పైకి చేర్చాలన్నా దారిలో గెడ్డ, అంటే కొండవాగు, దాటక తప్పదు. మైదానం నుంచి కొనుక్కొచ్చిన మా ఆడగుర్రం మొదట్లో గెడ్డ చప్పుడు వింటేనే వణికేది. దానికి అలవాటు చేసిన పద్ధతే మీకు చెబుతున్నాను.

గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు 350 డిగ్రీల మేర చుట్టూ కనిపిస్తుంది గానీ, సరిగ్గా ముక్కు కింద ఉన్నది కనిపించదు. లోతు అంచనా వేయడం కూడా దానికి కష్టమే. నీళ్ల మీద ఆకాశం నీడ మెరుస్తుంటే అవి జానెడు లోతో, నిలువు లోతో దానికి తెలియదు. అందుకే తల వంచి, వాసన చూసి, ఒక్కోసారి కాలితో తట్టి చూస్తుంది. చాలామంది సరిగ్గా అప్పుడే పగ్గం లాగి తల పైకి ఎత్తిస్తారు. అలా చేయకండి. ఎంతసేపు వాసన చూస్తే అంతసేపు చూడనివ్వండి.

మొదటి పాఠానికి మీ వాగు వద్దు. ఇంటి దగ్గరే పైపుతో నేల తడిపి, మడుగు కట్టించి, అందులో నడిపించండి. అది మామూలైపోయాక ఇసుక అడుగున్న చోటు వెతకండి. నీళ్లు గిట్ట మునిగేంత ఉంటే చాలు, వెడల్పు మాత్రం బాగా ఉండాలి. సన్నటి కాలువైతే ఒక్క గెంతులో దాటేస్తుంది, ఇక ప్రతిసారీ గెంతడమే అలవాటవుతుంది. మీ పొలాలు నల్లరేగడి అన్నారు కాబట్టి బురద అంచులకు అసలే తీసుకెళ్లకండి. ఒక్కసారి కాలు దిగబడిందంటే ఇన్నాళ్ల శ్రమా పోయినట్టే. ముందు మీరు దిగి, ఆ చివరి దాకా నడిచి చూసుకోండి.

నీళ్ల దగ్గర గుర్రం మీద కూర్చోకండి. జీను దించేసి, హాల్టర్ (నోట్లో కళ్లెం లేని తలపట్టీ) వేసి, 12 అడుగుల తాడుతో నడిపించండి. తాడు చేతికి చుట్టుకోవద్దు. ఎదురుగా నిలబడి లాగనూ వద్దు, బెదిరి గెంతితే నేరుగా మీ మీదే పడుతుంది. భుజానికి పక్కగా, కాస్త ఎడంగా ఉండండి. అది ఆగిన చోట ఆగనిచ్చి, తాడు కొద్దిగా బిగువుగా పట్టుకోండి. ఒక్క అడుగు వేసినా, కనీసం ఒళ్లు ముందుకు వంచినా ఆ క్షణంలోనే తాడు వదులు చేయండి. గుర్రం నేర్చుకునేది ఆ వదులు దగ్గరే. కాసేపాగి వదిలితే దేనికి వదిలారో దానికి అర్థం కాదు. మెడ దించి నాలుక చప్పరిస్తుంటే కుదుటపడినట్టు. కంటి తెల్లగుడ్డు కనిపిస్తూ, ముక్కుపుటాలు విచ్చుకుంటే టెన్షన్‌లో ఉన్నట్టు. అప్పుడు మీరే నాలుగడుగులు వెనక్కి తీసుకెళ్లి, కాస్త గడ్డి మేయనిచ్చి, మళ్లీ తీసుకురండి. అది తప్పించుకుని పారిపోయేదాకా మాత్రం రానివ్వకండి. కాలు నీళ్లలో పెట్టి ప్రశాంతంగా నిలబడితే ఆ రోజుకు అంతటితో ఆపేయండి.

తోడు గుర్రం దొరికితే సగం పని అయిపోయినట్టే. మా ఆడగుర్రానికి ధైర్యం వచ్చింది మా ముసలి గుర్రాన్ని చూసే. అది నీళ్ల మధ్యలో నింపాదిగా నిలబడి ఉంటే, ఇది కాసేపు చూసి చూసి దాని పక్కకు వెళ్లి నిలబడింది. తోడు గుర్రాన్ని మాత్రం త్వరగా అవతలి గట్టెక్కించి కనుమరుగు చేయకండి, ఇవతల ఉన్నది కంగారులో అదుపు తప్పుతుంది. తర్వాత తర్వాత ఒంటరిగానూ దాటించాలి, లేకపోతే తోడు లేనిదే కదలదు.

ఇలా నడిపించి అలవాటయ్యాక, ఎక్కి దాటేటప్పుడు మీ చూపు అవతలి గట్టు మీద ఉంచండి, పారే నీళ్లనే చూస్తుంటే కళ్లు తిరుగుతాయి. తల పైకి ఎత్తనివ్వని పట్టీలు ఏవైనా ఉంటే ముందే విప్పేయండి. కాలు జారితే నిలదొక్కుకోవడానికి దానికి మెడ స్వేచ్ఛగా ఉండాలి. మధ్యలో ఆగి ముందుకాలితో నీళ్లు కొడుతుంటే పొర్లబోతోందేమో చూసుకుని వెంటనే ముందుకు నడిపించండి.

ఒక్క విషయంలో గుర్రం మాటే వినండి. పై కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా గెడ్డ పొంగుతుంది. నీళ్ల రంగు మారినా, పుల్లా పుడకా కొట్టుకొస్తున్నా, బాగా అలవాటైన గుర్రం కూడా మొండికేస్తున్నా ఆ పూటకు వెనక్కి వచ్చేయండి.

మీ వాగు అడుగు ఇసుకో, బండరాయో రాయలేదు. బండ అయితే పాచి మీద లాడాలు జారతాయి, దాటడానికి వేరే చోటు చూసుకోవాలి. అది తెలియజేస్తే మిగతాది చెబుతాను.